నీటి కాయకము : డాక్టర్ కె.ఎల్. రావుగారి జీవితము

కృష్ణా జిల్లాకు చిరకాలముగా రెండు ముఖములు కలవు. ఒకటి డెల్టా, రెండవది మెట్ట. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన నాటినుండి దాని దిగువ పల్లెలకు కాలువలు పారినవి, వరి పండినది, ధాన్యపు బండ్లు బారులు తీరినవి. అదే జిల్లాకు ఉత్తరమున ఉన్న తిరువూరు, మైలవరము, రెడ్డిగూడెము ప్రాంతములవారికి మాత్రము కృష్ణ యన్నది జిల్లా పేరే గాని చేనికి పారెడు నీరు కాదు. వాన కురిసిన నిండెడి చెరువు, అది ఎండిన దిక్కగు బావి, మెట్టపైరు, మామిడితోట - వారి బ్రతుకంతయు వీనిమీదనే నడచినది. నది పొరుగుననే పారుచుండగా ఆకాశమువంక చూచి దుక్కి దున్నవలసి వచ్చుట ఆ రైతులకు తరతరముల అనుభవము.

ఆనకట్ట క్రింది పంటభూమిలో పుట్టి, మెట్టవారి నీటికొరకు జీవితమున అధిక భాగమును వెచ్చించిన మహనీయులొకరు విజయవాడ లోక్‌సభ స్థానమునుండి మూడు పర్యాయములు ఎన్నికైరి. పది సంవత్సరములు కేంద్ర ప్రభుత్వమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖ మంత్రిగా పనిచేసిరి. వారి పూర్తి పేరు కానూరి లక్ష్మణరావు. లోకము మాత్రము డాక్టర్ కె.ఎల్. రావుగారనియే ఎరుగును.

రావుగారు వీరశైవులు కారు. కంకిపాడులోని ఒక సామాన్య బ్రాహ్మణ కుటుంబమున జన్మించినవారు. అయినను పుట్టుకను విడిచి చేసిన పనినిబట్టి మనిషిని ఎంచుట శరణుల మార్గము. చెప్పులు కుట్టిన హరళయ్యను, పడవ నడపిన చౌడయ్యను, కట్టెలమ్మిన మోళిగె మారయ్యను అనుభవ మంటపమున తనతో సమముగా కూర్చుండబెట్టుకొన్నవాడు బసవేశ్వరుడు. ఆ కొలబద్దతోనే ఈ జీవితమును పరిశీలించుట ఉచితము. ఆ కొలబద్ద పొగడుటకే కాదు, కొలుచుటకు కూడ పనికివచ్చును.

లక్ష్మణరావుగారు 1902 జూలై 15వ తేదీన జన్మించిరి. తండ్రి గ్రామ కరణము. తొమ్మిదేండ్ల వయసుననే లక్ష్మణరావుగారికి పితృవియోగము కలిగెను. బడిలో ఆడుకొనుచుండగా తగిలిన గాయమువలన ఒక కంటి చూపు పోయెను. తండ్రిలేని పిల్లవాడు, ఒక కన్నులేని పిల్లవాడు. పల్లెటూరిలో అట్టి బాలునిగూర్చి జనులు ఏమనుకొందురో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బాలుడు మిగిలిన ఆ ఒక్క కంటితోనే పుస్తకములు చదివెను, లెక్కలు చేసెను, తరువాతి కాలమున నదులకు అడ్డముగా లేచిన కట్టడముల పటములు గీచెను.

మదరాసు గిండీలోని ఇంజనీరింగు కళాశాలలో పట్టము పొందిన పిమ్మట మదరాసు విశ్వవిద్యాలయమునుండి ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టమును పొందిన మొదటి విద్యార్థి వారే. తరువాత రంగూనులో ఆచార్యులుగా పనిచేసిరి. అటుపైన ఇంగ్లండు వెళ్లి 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు గైకొనిరి. ఇనుప కడ్డీలు చేర్చి పోసెడి బలవర్ధిత కాంక్రీటునుగూర్చి ఆంగ్లమున ఒక గ్రంథమును వెలయించిరి. ఆ విద్యతో విదేశముననే సుఖముగా జీవించుటకు అడ్డులేదు. అయినను వారు స్వదేశమునకు వచ్చి మదరాసు ప్రభుత్వమున రూపకల్పన ఇంజనీరుగా చేరిరి.

ఆ కాలమున మదరాసు ప్రభుత్వము గోదావరిపై పోలవరమువద్ద రామపాదసాగరమను మహాపథకమును తలపెట్టియుండెను. దాని రూపకల్పనలో రావుగారు పాల్గొనిరి. నదీగర్భమున ఇసుక మిక్కిలి లోతు, వ్యయము అపారము. అందువలన ఆ పథకము నాడు కాగితముపైననే నిలిచిపోయినది. ఆ ప్రాంతముననే పోలవరము ప్రాజెక్టుకు శంకుస్థాపన జరుగుటకు 1981 వరకు వేచియుండవలసి వచ్చెను. రామపాదసాగరము కట్టబడలేదు గాని దానికొరకు చేసిన శ్రమ వృథా కాలేదు. పెద్దనదిని కట్టుటలోని కష్టములన్నియు రావుగారికి అక్కడ తెలిసివచ్చినవి.

1950లో వారు ఢిల్లీలోని కేంద్ర జల, విద్యుత్ సంఘములో చేరి క్రమముగా రూపకల్పన విభాగమున ఉన్నత పదవుల నధిష్ఠించిరి. స్వతంత్ర భారతమున నదీ పథకములకు అది ఉదయకాలము. భాక్రా, హీరాకుడ్, కోసి మున్నగు పేర్లు పత్రికలలో నిత్యము కనబడుచుండెను. ఆంధ్రులకు మాత్రము ఆ దినములలో వేరొక పేరు గుండెలలో మెదలుచుండెను. అది నందికొండ.

కృష్ణాజలములను పెన్నకు మరలించి దక్షిణమునకు తరలించు పథకమొకటి అప్పటి మదరాసు ప్రభుత్వమువద్ద ఉండెను. అది జరిగినచో కృష్ణకు ఇరువైపులనున్న మెట్టభూములకు శాశ్వతముగా ఆశ తొలగిపోవును. దీనిని గ్రహించి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాదుగారు నందికొండవద్ద ఆనకట్ట కట్టవలెనని పట్టుబట్టి తిరిగిరి. కేంద్రము నియమించిన ఖోస్లా సంఘము ఆ స్థలమును చూడవలసి వచ్చినప్పుడు కొండలలోనికి దారియే లేదు. పల్లెలవారు పారలు, గునపములు పట్టుకొని శ్రమదానముతో దారి చేసిరని నేటికిని చెప్పుకొందురు. 1952లో ఆ సంఘము నందికొండ పథకమును సిఫారసు చేసెను. రాజావారు వెలుపల ప్రజలను కదలించుచుండగా, కేంద్ర సంఘములో ఆ స్థలము యోగ్యతను లెక్కలతో నిలబెట్టగలిగిన తెలుగు ఇంజనీరు రావుగారు. ఉద్యమమునకు ఆవేశము కావలెను, పథకమునకు అంకెలు కావలెను. ఆ రెండును కలిసిన సందర్భములు మన దేశమున అరుదు.

1955 డిసెంబరు 10వ తేదీన జవహర్లాల్ నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసిరి. ఇక్కడ రావుగారి బుద్ధికి, హృదయమునకు కూడ సాక్ష్యముగా నిలుచు విషయమొకటి కలదు. అంత పెద్ద ఆనకట్టను కాంక్రీటుతో కట్టవలెనన్నచో విదేశములనుండి భారీ యంత్రములు తేవలెను. దానికి విదేశ మారకద్రవ్యము కావలెను. సిమెంటు దేశమున కొరతగా ఉండెను. రాతికట్టడమైనచో రాయి ఆ కొండలలోనే కలదు, పనిచేయు చేతులు చుట్టుపట్ల కరవు సీమలలోనే కలవు. రాతితో కట్టుటయే మేలని తీర్మానించినవారిలో రావుగారు ముఖ్యులు. పాలమూరు కూలీలు, రాతిపనిలో ఆరితేరిన వడ్డెరలు, గుంటూరు, నల్లగొండ పల్లెలనుండి వచ్చిన స్త్రీ పురుషులు వేలాదిగా చేరి రాయి వెంట రాయి పేర్చిరి. తలలమీద సున్నము, సిమెంటు గమేళాలు మోసిరి. ఆ పనిలో ప్రాణములు విడిచినవారును కలరు. 124 మీటర్లకు పైగా లేచిన ఆ గోడను మించిన రాతికట్టడపు ఆనకట్ట ప్రపంచమున వేరొకటి లేదని ఇంజనీర్లు చెప్పుదురు. యంత్రముతో పోయవలసిన గోడను మనుష్యులచేత కట్టించుట వెనుకబాటుతనమని తలచినవారు ఆనాడు లేకపోలేదు. ఆ గోడ కట్టిన పన్నెండు, పదునాలుగేండ్ల కాలమున ఎన్ని పొయ్యిలు వెలిగినవో లెక్కించిన, ఆ విమర్శకు బలము తగ్గును. శరణులు కాయకమను మాటకు చెప్పిన అర్థమున, పనియే అందరికిని బ్రతుకుతెరువు, పనియే పూజ. ఆ దృష్టితో చూచినచో ఆ గోడలోని ప్రతి రాయియు ఒకరి కాయకము.

చెరువు త్రవ్వించిన శరణుని కథ మన పాఠకులకు క్రొత్త కాదు. సొన్నలిగె సిద్ధరామయ్య నేటి షోలాపురమున లోకహితముకొరకు పెద్ద చెరువును త్రవ్వించెను, గుడులు కట్టించెను. ఒకనాడు అల్లమప్రభువు అక్కడికి వచ్చి, ఇంత మట్టి త్రవ్వితివి గాని నీ లోపల త్రవ్వుకొంటివా అను భావముతో ఆయనను హెచ్చరించెను. శిష్యులు కోపించి ప్రభువుపై రాళ్లు రువ్విరి. సిద్ధరామయ్య మాత్రము ఆ ప్రశ్నలోని సత్యమును గ్రహించి కల్యాణమునకు వచ్చి చెన్నబసవన్నవలన దీక్ష పొందెను. ఆ చెరువు మాత్రము నేటికిని షోలాపురమున ఉన్నది. దానిని పూడ్చివేయుమని అల్లముడు చెప్పలేదు. చేసినవాడు ఆ పనిని తన గొప్పగా భావించుచున్నాడా, అర్పణగా భావించుచున్నాడా అన్నదే ప్రభువుయొక్క ప్రశ్న. పెద్ద కట్టడములు కట్టువారందరికిని, పదవులలోనున్న వారందరికిని ఆ ప్రశ్న వర్తించును. ఇంజనీరుగా ఉన్నంతవరకు రావుగారికి ఆ ప్రశ్న అంతగా ఎదురుకాలేదు. ప్రజలముందుకు వచ్చి ఓటు అడిగిన దినమునుండి ఎదురైనది.

విజయవాడ లోక్‌సభ స్థానము ఆ కాలమున వింతైన ఎంపికలు చేసినది. 1952లో సరోజినీ నాయుడుగారి సోదరుడును కవియునగు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయగారిని గెలిపించినది. 1957లో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ సంపాదకులైన కొమర్రాజు లక్ష్మణరావుగారి కుమార్తె, వైద్యురాలు డాక్టర్ అచ్చమాంబగారిని పంపినది. 1962లో ఇంజనీరును ఎన్నుకొన్నది. కవి, వైద్యురాలు, ఇంజనీరు - ముగ్గురును తమ తమ విద్యలలో నిష్ణాతులు. కులమును, ధనమును ముందుగా లెక్కించు ఎన్నికలకు అలవాటుపడిన కండ్లకు ఈ వరుస చిత్రముగా తోచును.

రావుగారు కాంగ్రెసు పక్షమున 1962, 1967, 1971 సంవత్సరములలో వరుసగా గెలిచిరి. 1963లో వారికి పద్మభూషణ్ పురస్కారము లభించెను. ఆ యేడు జూలైలో నెహ్రూగారి మంత్రివర్గమున చేరి, పిమ్మట లాల్ బహదూర్ శాస్త్రిగారి కాలమునను, ఇందిరాగాంధీగారి కాలమునను 1973 వరకు నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖలలోనే కొనసాగిరి. ముగ్గురు ప్రధానులు మారినను ఆ శాఖలో ఆయన ఉండుటకు కారణము స్పష్టము. ఆ పని తెలిసినవారు వేరొకరు కనబడలేదు. మంత్రి ముందు దస్త్రము పెట్టిన ఇంజనీరు, ఆ మంత్రి తనకంటె పెద్ద ఇంజనీరన్న సంగతి మరువరాదు. అట్టి స్థితి మన పరిపాలనలో ఎన్నడో గాని రాదు.

పల్లెలకు విద్యుత్తునందించుటకు ప్రత్యేకముగా గ్రామీణ విద్యుదీకరణ సంస్థ 1969లో ఏర్పడినది వారి హయాముననే. కాలువ రాని మెట్ట గ్రామములకు ఇది చిన్న విషయము కాదు. కపిల తోలి, ఎడ్ల మెడలు వాచునట్లు నీరు తోడిన బావులమీద మోటార్లు అమరినవి. రెడ్డిగూడెమువంటి చోట్ల తోటలు పెరుగుటకు వానతోపాటు ఈ కరెంటు బావులును కారణము. భూగర్భజలము హద్దులేక తోడుటవలన వచ్చిన చేటు తరువాతి తరమువారికి తెలిసివచ్చినది. బంగ్లాదేశ్ అవతరించిన పిమ్మట 1972లో రెండు దేశముల సంయుక్త నదుల సంఘము ఏర్పడినదియు వారి కాలముననే.

1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిరి. కుడి కాలువకు జవహర్ పేరు, ఎడమ కాలువకు లాల్ బహదూర్ పేరు పెట్టిరి. ఎడమ కాలువ సుమారు 179 కిలోమీటర్లు సాగి నల్లగొండ, ఖమ్మము జిల్లాలను దాటి కృష్ణా జిల్లా మెట్టవైపు వచ్చును. రెండు కాలువల క్రింద సుమారు 22 లక్షల ఎకరముల ఆయకట్టు ఉద్దేశింపబడినది. శంకుస్థాపననాడు కేంద్ర సంఘములో ఇంజనీరుగానున్న రావుగారు నీరు వదలిననాడు కేంద్రమంత్రి, విజయవాడ పార్లమెంటు సభ్యుడు. తాను గీచిన గీత నీరై పారుటను కన్నులార చూచు భాగ్యము ఇంజనీర్లందరికిని దక్కదు.

ఇక్కడ ఒక నిష్ఠురసత్యమును చెప్పక తప్పదు. తలుపు తెరచిననాడే నీరు చివరి పొలమునకు చేరలేదు. కాలువ త్రవ్వుట, తూములు కట్టుట, పిల్లకాలువలు పూర్తియగుట ఏండ్ల తరబడి సాగినవి. పూర్తియైన తరువాత కూడ కృష్ణా జిల్లా ఆయకట్టు ఎడమ కాలువకు తుదిభాగముననే ఉండెను. కాలువ మొదటి భాగమున ఆరుతడి పైరులకని నిర్ణయించిన భూములలో కూడ రైతులు వరి నాటిరి. వరికి నీరు నిలువవలెను; ఎగువ మడి నిండిన తరువాతనే దిగువ మడికి నీరు వచ్చును. తిరువూరు, మైలవరము, నూజివీడు దిక్కున కాలువలో నీటికంటె తుంగ ఎక్కువగా కనబడిన యేండ్లు పెక్కు కలవు. పటముమీద ఆయకట్టు, పొలములో బీడు! ఈ దోషమును ఒక్క ఇంజనీరుపైగాని, ఒక్క మంత్రిపైగాని మోపుట న్యాయము కాదు. కాలువ త్రవ్వుట ప్రభుత్వపు పని. తన వంతు నీరు తీసికొని తూము మూయుట రైతు పని.

ఆయ్దక్కి మారయ్య కథను ఇక్కడ స్మరింపవలెను. కల్యాణమున నేల రాలిన బియ్యమును ఏరి తెచ్చి జంగమ దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. మనకు కావలసినదానికి మించి తెచ్చుట దురాశయనియు, మిగిలినదానిని తెచ్చినచోటనే పోసి రావలెననియు భర్తను పంపెను. ఆ ఇల్లాలికి పిడికెడు బియ్యము విషయమున గల జ్ఞానము కాలువ మొదటనున్న రైతునకు క్యూసెక్కుల విషయమున కలిగినచో, చివరనున్న పల్లెకు నీరు చేరుటకు వేరొక ప్రాజెక్టు కావలసిన పనిలేదు. రావుగారు తన శాస్త్రముతో నీటిని నిలుపగలిగిరి, పారింపగలిగిరి. లక్కమ్మ బుద్ధిని కాలువ వెంట పంపుట ఏ శాస్త్రమునకు సాధ్యము?

పదవిలో ఉన్నవానికి లెక్క చెప్పవలసిన బాధ్యత కలదన్న విషయమును బసవేశ్వరుని జీవితమే చెప్పును. బిజ్జలుని భాండాగారమును జంగములకు దోచిపెట్టుచున్నాడని మంత్రియైన బసవన్నపై కొండెములు చెప్పిరి. రాజు లెక్క అడిగెను. ధనమును లెక్కించి చూడగా ఒక్క కాసైనను తరుగలేదని పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారెరుగుదురు. కృష్ణాజలముల విషయమున ఇట్టి పరీక్షయే రావుగారి కాలమునను వచ్చినది. మహారాష్ట్రము, నాటి మైసూరు రాష్ట్రము, ఆంధ్రప్రదేశ్ - మూడును ఒకే నదికై తగవులాడుచుండెను. కేంద్రమున ఆ శాఖను చూచుచున్న మంత్రి ఆ మూడింటిలో ఒక రాష్ట్రమువాడు. ఆయన ఏ నిర్ణయము చేసినను మిగిలిన ఇరువురికి అనుమానమే. 1969లో బచావత్ గారి అధ్యక్షతన న్యాయమండలి ఏర్పడి, లెక్క మంత్రుల చేతినుండి ధర్మాసనమునకు పోయెను. 1973లో వచ్చిన తీర్పున, నూటికి డెబ్బదియైదు సంవత్సరములలో లభించునని అంచనా వేసిన 2,060 టి.ఎం.సి.లలో మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయింపబడినవి. ఒక టి.ఎం.సి. అనగా నూరుకోట్ల ఘనపుటడుగుల నీరు. తగవు అంతటితో తీరలేదు గాని తగవులాడుటకు ఒక లెక్క ఏర్పడినది.

కృష్ణానది మన సంప్రదాయమునకు కేవలము నది కాదు. కృష్ణా మలప్రభలు కలియు కూడల సంగమమున బసవేశ్వరుడు లింగైక్యము నొందెను. ఆ నదియే దిగువకు వచ్చి శ్రీశైలమున మల్లికార్జునుని పాదములచెంత పారును. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని వెదకుచు వచ్చిన కదళీవనము అక్కడనే ఉన్నది. ఆ పిమ్మట నాగార్జునసాగరము, ఆపైన విజయవాడ. 1963 జూలైలో నెహ్రూగారు శ్రీశైలము ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిరి. రావుగారు మంత్రిపదవి చేపట్టినదియు ఆ నెలయందే. 1964లో లాల్ బహదూర్ శాస్త్రిగారు ఎగువ కృష్ణా పథకమునకు శంకుస్థాపన చేసిరి. ఆ పథకములోని నారాయణపుర జలాశయమునకు బసవసాగరమని పేరు. దాని నీరు కూడల సంగమము చుట్టును నిలువగా, ఐక్యమంటపము చుట్టును బావివలె గోడ కట్టి కాపాడిరి. మెట్లు దిగి లోనికి పోయి దర్శించు భక్తులకు నలువైపుల నీటి నడుమ నిలిచిన అనుభవము కలుగును. శ్రీశైల జలాశయమున మునుగనున్న ఆలయములు కొన్ని రాయి రాయిగా విప్పి తరలింపబడినవి. కూడలి సంగమేశ్వరాలయము ఆలంపురము చేరినది. సాగరు నీటిలో మునిగిన నాగార్జునకొండ బౌద్ధావశేషములను అంతకుముందే త్రవ్వి తీసి కొండపై, నేడు ద్వీపమైన చోట, భద్రపరచిరి.

గుడులను రాళ్లు విప్పి తిరిగి కట్టవచ్చును. ఊళ్లను అట్లు కట్టుటకు వీలులేదు. ఎత్తైన గోడ వెనుక నీరు నిలిచిన ప్రతిచోట ఎవరిదో పుట్టినిల్లు, ఎవరిదో చేను, ఎవరి పెద్దలదో సమాధి అడుగున ఉన్నది. ముంపు గ్రామములవారు పరిహారమునకై తిరిగిన తిరుగుడు ఏండ్లకేండ్లు సాగినది. ఆ తరమునకు చెందిన ఇంజనీర్లవలె రావుగారును దేశమునకు కలుగు మేలునే పెద్దగా చూచిరి. త్యాగము చేసినవారికి నీటిలో మొదటి వాటా ఇయ్యవలెనన్న ఆలోచన నాటి పథకములలో బలముగా కనబడదు. వారి జీవితమును కొలుచునప్పుడు ఈ లోటును కూడ తక్కెడలో ఉంచవలెను.

రావుగారి పేరు దేశమంతట మారుమ్రోగునట్లు చేసినది వారు 1972లో ప్రతిపాదించిన గంగా కావేరీ అనుసంధానము. పాట్నాకు సమీపమున గంగ వరదనీటినుండి 60,000 క్యూసెక్కులను సంవత్సరమునకు 150 దినములు తీసికొని, అందు 50,000 క్యూసెక్కులను 549 మీటర్ల ఎత్తునకు తోడి, నర్మద, గోదావరి, కృష్ణ, పెన్న నదులను దాటించి కావేరి వరకు తెచ్చుట దాని సారాంశము. కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. దానివలన 40 లక్షల హెక్టార్లకు క్రొత్తగా నీరందునని వారి అంచనా. ఉత్తరమున వరదలతో జనులు కొట్టుకొనిపోవుచుండగా దక్షిణమున కరవుతో వలసపోవుచున్నారు; రెండు బాధలకును మందు ఒక్కటే కదా యని వారి ఆలోచన. వినుటకు ఎంత సుందరముగా ఉన్నదో చేయుటకు అంత కఠినము. అంత ఎత్తునకు నీరు తోడుటకు కావలసిన విద్యుత్తు అపారము. ఖర్చును తక్కువగా అంచనా వేసిరనియు, వరదలు తగ్గుటకు దీనివలన చెప్పుకోదగిన మేలు లేదనియు కేంద్ర జలసంఘము తేల్చెను. ఒకప్పుడు తాను పనిచేసిన సంస్థయే తన స్వప్నమును త్రోసిపుచ్చుట ఆయనకు కష్టముగానే తోచియుండును.

అయినను ఆ ఆలోచన మరుగున పడలేదు. 1980లో కేంద్రము జాతీయ జలప్రణాళికను రూపొందించినది. 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడి నదుల కలయికనుగూర్చి పరిశోధనలు ప్రారంభించినది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణలో చేరినది. 2024 డిసెంబరులో కెన్, బెత్వా నదుల అనుసంధానమునకు శంకుస్థాపన జరిగినది. గంగ మాత్రము కావేరిని చేరలేదు.

1973లో మంత్రిపదవిని విడిచిన పిమ్మట రావుగారు భారతదేశపు జలసంపదనుగూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము వెలువరించిరి. పార్లమెంటు సభ్యత్వము 1977తో ముగిసినది. తరువాత తన జీవితకథను వ్రాసి దానికి క్యూసెక్స్ కాండిడేట్ అని పేరు పెట్టిరి. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారు నీరు. రాజకీయములలో పదునైదేండ్లు గడపినవారు తమ కథకు పదవి పేరుగాని, పార్టీ పేరుగాని పెట్టుకొనక నీటి కొలత పేరు పెట్టుకొనుటలో వారి స్వభావము వెల్లడియగుచున్నది. అల్లమప్రభువు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానమగునో కాదో పాఠకులే ఆలోచింతురు గాక.

1986 మే 18వ తేదీన డాక్టర్ రావుగారు పరమపదించిరి. విజయవాడలో వారి పేరిట పేటలు వెలసినవి. నాగార్జునసాగర్‌కును ప్రకాశము బ్యారేజికిని నడుమ పులిచింతలవద్ద ఒక జలాశయము ఉండవలెనని కోరినవారిలో వారును ఒకరు. దానికి 1988లో శంకుస్థాపన జరిగినను పని సాగలేదు. 2004లో మరల పునాది వేసి, 2013 డిసెంబరులో ప్రారంభించి, డాక్టర్ కె.ఎల్. రావు సాగరమని పేరు పెట్టిరి. అందు 45 టి.ఎం.సి.లకు పైగా నీరు నిలువ ఉండును. డెల్టా నారుమళ్లకు సకాలమున నీరిచ్చుట దాని పని. ఆ నీరు అక్కడ నిలిచిన యేట, డెల్టాకొరకు సాగరునుండి నీరు వదలవలసిన అవసరము ఆ మేరకు తగ్గును. మిగిలిన నీటిలో ఎడమ కాలువ తుదివరకు ఎంత చేరునన్నది ఆ యేటి వానలనుబట్టియు, కాలువ వెంటనున్న తూములనుబట్టియు ఉండును. రెడ్డిగూడెము 2022 ఏప్రిల్‌లో కృష్ణా జిల్లానుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో తిరువూరు డివిజనున చేరినది. వేసవి ముగియగనే అక్కడి రైతులు మొదట చెరువువంకను, తరువాత కాలువవంకను చూతురు.